మోకాలి ఇన్‌ఫెక్షన్‌కు పేగు పరీక్ష ఎందుకు?

ప్రశ్న: మాది హైదరాబాద్, ఈసీఐఎల్ దగ్గర. మా నాన్నగారికి 68 ఏళ్లు. ఆర్టీసీలో పనిచేసి రిటైరయ్యారు. పదిహేనేళ్లుగా షుగర్ ఉంది. మూడేళ్ల క్రితం ఎడమ మోకాలి కీలు మార్పిడి చేయించాం. బాగానే నడిచేవారు. రెండు నెలల కిందట అదే మోకాలు వాచి, పట్టుకుంటే వేడిగా ఉండి, నొప్పికి రాత్రి నిద్ర కరవైంది. ఇంటి దగ్గరి డాక్టర్ రెండుసార్లు యాంటీబయాటిక్ మాత్రలు రాశారు. వేసుకున్నన్ని రోజులు తగ్గింది, ఆపగానే తిరగబెట్టింది. పెద్ద ఆసుపత్రికి తీసుకెళ్తే మాత్రలన్నీ ఆపించి, రెండు వారాలు ఆగి, మోకాలిలోంచి నీరు తీసి కల్చర్‌కు (క్రిమిని పెంచి గుర్తించే పరీక్షకు) పంపారు. ‘స్ట్రెప్టోకాకస్ గాలోలైటికస్’ అనే క్రిమి ఉందని రిపోర్టు వచ్చింది. వేసిన కీలు తీసేసి, కొన్నాళ్లాగి మళ్లీ కొత్తది వేయాలని సర్జన్ అంటున్నారు. ఇంకో డాక్టర్ వచ్చి గుండెకు ఎకో, పెద్దపేగుకు కొలనోస్కోపీ తప్పనిసరి అన్నారు. మోకాలికి జబ్బయితే పేగులో గొట్టం వేసి చూడడమేమిటని, ఇదంతా బిల్లు పెంచడానికేనని మా అన్నయ్య అంటున్నాడు. ఇది పశువుల్లో ఉండే క్రిమి అని ఫోనులో చూసి అమ్మ ఇంట్లో పాలు, పెరుగు మాన్పించింది. నాన్నగారు నెలకోసారి ఊరెళ్లి గేదెల దగ్గర గడిపే మాట నిజమే. ఆ పరీక్షలు అవసరమా? మోకాలిని కడిగితే సరిపోదా? ఇంట్లో చిన్నపిల్లలున్నారు, వాళ్లకు అంటుకుంటుందా?

జవాబు: ముందు మీ అన్నయ్యగారి అనుమానం సంగతి. ఆ రెండు పరీక్షలూ అవసరమే. చేయించండి. మన నగరంలో అవసరం లేని పరీక్షలు రాయడం లేదని నేను అనను, కుటుంబాలు ఆసుపత్రి బిల్లుకు భయపడడంలో తప్పు కూడా లేదు. కానీ ఈ ఒక్క విషయంలో ఆ డాక్టర్ చెప్పింది నూటికి నూరుపాళ్లు సరైన మాట. ఆయన కొలనోస్కోపీ ఊసెత్తకుండా మోకాలు బాగుచేసి పంపేసి ఉంటే, అప్పుడు ఆయన్ను నిలదీయాల్సి వచ్చేది.

కారణం ఆ క్రిమి పేరులోనే దొరుకుతుంది కనుక కాస్త వివరంగా చెబుతాను. కీళ్లలో చీము పట్టించే సూక్ష్మజీవుల్లో మొదటిది స్టాఫైలోకాకస్ ఆరియస్. అది చర్మం మీద, ముక్కులో ఉంటుంది. దాని తరువాతి వరుస స్ట్రెప్టోకాకస్ కుటుంబానిది. ఆ కుటుంబం చాలా పెద్దది. గొంతునొప్పి తెచ్చేదొకటి, న్యుమోనియా తెచ్చేదొకటి, పళ్ల చిగుళ్లలో నివసించేవి కొన్ని, పేగులో నివసించేవి కొన్ని. మీ నాన్నగారి మోకాలిలో దొరికినది పేగులో నివసించేది. ఆరోగ్యంగా ఉన్నవారిలోనూ కొందరి పెద్దపేగులో అది ఏ హానీ చేయకుండా పడి ఉంటుంది. అక్కడున్నంత కాలం దానితో పేచీ లేదు. అది మోకాలి దాకా ఎలా వచ్చిందన్నదే ప్రశ్న.

మూడేళ్ల క్రితం ఆపరేషన్ బల్ల మీద అది లోపలికి వెళ్లి ఇన్నాళ్లు ఊరుకుందనుకోవడం కష్టం. రక్తం ద్వారా వచ్చిందనుకోవడమే సబబు. పేగు లోపలి పొర గట్టిగా ఉంటే క్రిములు రక్తంలోకి దాటడం కష్టం. ఎక్కడైనా ఆ పొర దెబ్బతింటే, అంటే పాలిప్ అనే చిన్న కండ పెరిగినా, పుండు పడినా, క్యాన్సర్ గడ్డ మొదలైనా, అక్కడి నుంచి క్రిమికి రక్తంలోకి దారి దొరుకుతుంది. రక్తంలోకి వచ్చాక ఈ జాతికి ఒక ప్రత్యేకత ఉంది. శరీరంలోని కొలాజెన్ అనే మాంసకృత్తును పట్టుకుని అతుక్కునే సన్నని పోగులు దీని ఒంటిమీద ఉంటాయి. అందుకే ఇది గుండె కవాటాల మీద తేలిగ్గా స్థిరపడుతుంది. లోహం, ప్లాస్టిక్‌తో చేసిన కీలు కూడా ఏ క్రిమికైనా ఇష్టమైన చోటే, ఎందుకంటే ఆ పరికరానికి సొంత రక్తప్రసరణ లేదు, తెల్ల రక్తకణాలు అక్కడ సరిగా పోరాడలేవు.

ఈ క్రిమికీ పెద్దపేగు క్యాన్సర్‌కూ ఉన్న సంబంధం నిన్న మొన్న తెలిసింది కాదు. 1951లోనే మెకాయ్, మేసన్ అనే వైద్యులు గుండె కవాటానికి ఇన్‌ఫెక్షన్ వచ్చిన ఒక రోగికి పేగులో క్యాన్సర్ కూడా ఉన్న విషయం రాశారు. 1977లో క్లైన్, ఆయన సహచరులు అమెరికాలో పెద్దపేగు క్యాన్సర్ ఉన్న 63 మంది మలాన్ని పరీక్షిస్తే 35 మందిలో ఈ క్రిమి కనిపించింది. పోలిక కోసం తీసుకున్న 105 మందిలో 11 మందిలోనే ఉంది. అప్పట్లో దీన్ని స్ట్రెప్టోకాకస్ బోవిస్ అనేవారు. 2003లో ఆ పాత పేరు కింద ఉన్న వాటిని విడదీసి, పేగు క్యాన్సర్‌తో ఎక్కువ సంబంధం ఉన్న రకానికి గాలోలైటికస్ అన్న పేరు ఖాయం చేశారు. ఈ క్రిమే గడ్డను పెంచుతుందా, లేక గడ్డ పెరుగుతున్న చోట దీనికి అనుకూలంగా ఉంటుందా అన్నదాని మీద పరిశోధన ఇంకా సాగుతోంది. వైద్యుడికి మాత్రం రెండింటిలో ఏదైనా చేయాల్సింది ఒకటే: ఈ క్రిమి రక్తంలోనో, కవాటం మీదో, కీలులోనో కనిపిస్తే పెద్దపేగు మొత్తం చూడాలి.

ఇది చదివి భయపడకండి. మోకాలిలో ఈ క్రిమి దొరికిన ప్రతి ఒక్కరికీ క్యాన్సర్ ఉన్నట్టు కాదు. చాలామందిలో దొరికేది పాలిప్పే. పాలిప్‌ను కొలనోస్కోపీ చేస్తున్నప్పుడే చాలావరకు తీసేయవచ్చు, అక్కడితో అది క్యాన్సర్‌గా మారే అవకాశం పోతుంది. కొందరిలో ఏమీ కనిపించదు. మలంలో రక్తం పడడం లేదు కదా, బరువు తగ్గలేదు కదా, ఆకలి బాగానే ఉంది కదా అని మీ అన్నయ్యగారు అడుగుతారు. పాలిప్ ఉన్నవారికి, తొలిదశ క్యాన్సర్ ఉన్నవారికి ఇవేవీ ఉండకపోవచ్చు. ఇంకా చెప్పాలంటే మీ నాన్నగారి మోకాలు ఆయన పేగు గురించి ముందే కబురు పంపి ఉండవచ్చు. ఆ కబురు అందుకుని చూడకపోతే ఇంత బాధా పడి కూడా ఉపయోగం లేకుండా పోతుంది.

కొలనోస్కోపీలో ఏదైనా దొరికితే దాని బయాప్సీ రిపోర్టును మీరూ మీ అన్నయ్యా కూడా దాచుకోండి. తండ్రికి పెద్దపేగు క్యాన్సర్ గానీ, ముదిరిన రకం పాలిప్ గానీ ఉన్నట్టు తేలితే సంతానం నలభయ్యో ఏటి నుంచే పేగు పరీక్ష మొదలుపెట్టాలన్నది చాలా దేశాల వైద్యులు పాటిస్తున్న పద్ధతి. ఏమీ దొరక్కపోతే మళ్లీ ఎప్పుడు చూడాలో గ్యాస్ట్రో డాక్టర్‌ను అడిగి రాయించుకోండి, ఎందుకంటే ఇలాంటివారిలో కొన్నేళ్ల తరువాత పాలిప్ కనిపించిన సందర్భాలు ఉన్నాయి.

పరీక్ష రేపే చేయించాలన్న తొందర లేదు. ముందు ఇన్‌ఫెక్షన్ అదుపులోకి రావాలి, షుగర్ కుదుటపడాలి. ఆ తరువాత, డిశ్చార్జికి ముందో, కొద్ది వారాల్లోనో చేయించవచ్చు. “తరువాత చూద్దాం” అని ఇంటికి వెళ్లి మరిచిపోవడమే నాకు భయం. అందుకని తేదీ ఖాయం చేసుకునే ఇంటికి రండి. పరీక్షకు ముందు రాత్రి పేగు శుభ్రపడేందుకు లీటర్ల కొద్దీ మందు నీళ్లు తాగిస్తారు. ఆ రాత్రి పదే పదే మరుగుదొడ్డికి వెళ్లాలి. మోకాలు వంగని మనిషికి ఇది మామూలు కష్టం కాదు. మీ ఇంట్లో కింద కూర్చునే రకం దొడ్డి ఉంటే కమోడ్ కుర్చీ ఒకటి అద్దెకు తెచ్చి మంచం పక్కనే పెట్టండి, రాత్రి ఒకరు తోడు పడుకోండి, దారిలో దీపం వెలిగించి ఉంచండి. కాలు జారి పడితే మొదటికే మోసం. తిండి ఉండదు కనుక షుగర్ మాత్రలు, ఇన్సులిన్ మోతాదు ఎంత తగ్గించాలో ముందే అడిగి కాగితం మీద రాయించుకోండి. రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే అది కూడా తప్పక చెప్పండి.

ఎకో విషయం ఇంతకన్నా తొందర పని. దాన్ని వాయిదా వేయకండి. గాలోలైటికస్‌కు గుండె కవాటాలంటే ఎంత అనుకూలమో పైన చెప్పాను. కవాటం మీద క్రిములు గుంపుగా పట్టి ఉంటే, జ్వరం సన్నగా వచ్చిపోతున్నా తెలియదు, ఒకనాడు చిన్న ముక్క ఊడి మెదడులోని రక్తనాళానికి అడ్డుపడితే పక్షవాతం రావచ్చు. యాంటీబయాటిక్ ఎన్ని వారాలు, ఏ మోతాదులో ఇవ్వాలన్నది కూడా కవాటం సంగతి తెలిస్తేనే నిర్ణయమవుతుంది. ఛాతీ మీద పెట్టి చూసే మామూలు ఎకోలో స్పష్టంగా కనిపించకపోతే, గొట్టాన్ని అన్నవాహికలోకి దించి గుండెను వెనుక నుంచి చూసే ఎకో కూడా చేస్తారు. అది అడిగితే కాదనకండి. యాంటీబయాటిక్ మొదలుపెట్టే ముందు రక్తం కల్చర్‌కు వేర్వేరు చోట్ల నుంచి రెండు మూడు సార్లు తీశారా లేదా అడగండి. తీయకపోతే, మందు ఇంకా మొదలు కాకపోతే, ఇప్పుడే తీయమనండి.

ఇక్కడ మీరు పేరు రాయని ఆ ఇంటి దగ్గరి వైద్యం గురించి ఒక మాట. ఆ డాక్టర్‌ను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు, కానీ ఈ ఉత్తరం చదివే మిగతావారి కోసం చెప్పక తప్పదు. మార్పిడి చేసిన కీలు వాచి, వేడెక్కి, నొప్పి పెడితే, లోపలి నీరు తీసి పరీక్షించకుండా యాంటీబయాటిక్ మాత్ర ఒక్కటి కూడా వేయకూడదు. మాత్ర క్రిములను కొంత చంపుతుంది, కొంత దాస్తుంది. నొప్పి తగ్గుతుంది, క్రిమి మాత్రం పోదు. ఆ తరువాత నీరు తీసి కల్చర్ చేస్తే ఏమీ పెరగదు, ఏ క్రిమో తెలియక డాక్టర్లు చీకట్లో మందు వాడాల్సి వస్తుంది. మీ సర్జన్ మాత్రలు ఆపించి రెండు వారాలు ఆగడం ఇందుకే. జ్వరంతో ఒళ్లు తెలియని స్థితిలో ఉన్నవారికైతే అలా ఆగకూడదు, వెంటనే నీరు తీసి వెంటనే మందు మొదలుపెట్టాలి. మీ నాన్నగారు నిలకడగా ఉన్నారు కనుక ఆగగలిగారు, క్రిమి పెరిగింది, పేరు తెలిసింది. ఆ పేరు తెలియకపోతే పేగు పరీక్ష ఆలోచనే ఎవరికీ వచ్చేది కాదు. మన వీధి చివరి మెడికల్ షాపులో చీటీ లేకుండా యాంటీబయాటిక్ కొనడం ఎంత అలవాటైందో నాకు తెలుసు. చాలా యాంటీబయాటిక్‌లు చీటీ లేకుండా అమ్మరాదని 2014 నుంచి షెడ్యూల్ హెచ్1 నిబంధన కూడా ఉంది. నిబంధన పాటించినా పాటించకపోయినా, కీలు మార్పిడి చేయించుకున్నవారు మాత్రం ఆ పని చేయకండి. అన్నట్టు జలుబుకీ జ్వరానికీ అందరూ కొనే అజిత్రోమైసిన్ మీ నాన్నగారి క్రిమి మీద చాలాసార్లు పనిచేయదు కూడా.

కీలు నీటి రిపోర్టు చూసేటప్పుడు ఒక తికమక వస్తుంది. సహజమైన కీలులో చీము పట్టిందని అనుమానించడానికి తెల్ల కణాలు మైక్రోలీటరుకు 50,000 దాకా ఉండాలని పుస్తకాల్లో ఉంటుంది. మార్పిడి చేసిన కీలుకు ఆ లెక్క పనికిరాదు. ఆపరేషన్ జరిగి చాలాకాలమైన కీలులో 3,000 దాటితే చాలు, ఇన్‌ఫెక్షన్‌ను గట్టిగా అనుమానిస్తారు. రిపోర్టులో ఐదారు వేలే ఉన్నాయి కదా, తక్కువే కదా అని ఎవరైనా అంటే నమ్మకండి. 

మీ రిపోర్టులో క్రిమి పేరు పూర్తిగా ఉండడం మంచి లేబొరేటరీకి గుర్తు. కొన్నిచోట్ల వట్టి “స్ట్రెప్టోకాకస్ జాతి” అని రాసి వదిలేస్తారు. అరుదైన స్ట్రెప్టోకాకస్ దొరికినప్పుడు పూర్తి పేరు అడిగి తీసుకోవడం ఎందుకు ముఖ్యమో చెప్పడానికి ఇంకొన్ని ఉదాహరణలు ఇస్తాను, ఎందుకంటే మీలాంటి ఇబ్బందిలో ఉన్న ఇతర పాఠకులకు వేరే పేరు వచ్చి ఉండవచ్చు.

గాలోలైటికస్‌లోనే పాశ్చరియానస్ అనే ఉపజాతి ఒకటి ఉంది. అది వస్తే కాలేయం, పిత్తాశయం వైపు కూడా చూడాలి. మైటిస్, సాంగ్వినిస్, ఓరాలిస్ వంటివి వస్తే నోటి వైపు చూడాలి, చిగుళ్ల వాపు, పుచ్చిన పన్ను ఉన్నాయా అని దంతవైద్యుడి చేత పరీక్ష చేయించాలి. ఇవి కూడా కవాటాల మీద పడేవే కనుక ఎకో అక్కడా తప్పదు. ఆంజినోసస్ వర్గానిది వస్తే కాలేయంలోనో మరెక్కడో చీముగడ్డ దాగి ఉందేమో స్కాన్‌లో వెతకాలి. డిస్‌గలాక్టియే అనే పేరు వస్తే అది ఎక్కువగా చర్మం నుంచి వస్తుంది. షుగర్ ఉన్నవారి కాలి వేళ్ల సందుల్లో ఒరుపులు, మడమల పగుళ్లు, మానని చిన్న పుండు దానికి దారి. చూడడానికి అదొక పెద్ద విషయంలా ఉండదు, ఎవరూ చెప్పరు కూడా. సాక్సు విప్పి చూస్తేనే తెలుస్తుంది. గ్రాన్యులికాటెల్లా, అబయోట్రోఫియా అనే బంధువులు మరీ మొండివి. వాటికి బి6 విటమిన్ అందితేనే పెరుగుతాయి, మామూలు కల్చర్ పళ్లెంలో పెరగవు. అనుమానం వస్తే లేబొరేటరీ వారికి ముందే చెప్పాలి.

జంతువుల నుంచి, ఆహారం నుంచి వచ్చేవీ ఉన్నాయి. స్ట్రెప్టోకాకస్ సూయిస్ పందుల్లో ఉంటుంది. మనుషులకు సోకినట్టు మొదట 1968లో డెన్మార్క్‌లో గుర్తించారు. చైనాలోని సిచువాన్‌లో 2005లో జబ్బుపడిన పందులను కోసినవారిలో 200 మందికి పైగా దీని బారిన పడ్డారు. మెదడు పొరల వాపు, చెవుడు తెచ్చే ఈ క్రిమి కొందరిలో కీళ్లలోనూ చేరుతుంది. సింగపూర్‌లో 2015లో పచ్చి చేప ముక్కలు తిన్నవారిలో గ్రూప్ బి స్ట్రెప్టోకాకస్ ప్రబలింది, కీళ్లలో చీము పట్టినవారు చాలామంది కనిపించారు. ఆ చేపల్లో ఒకటి మన కొరమీను వర్గానికి చెందినది. మనం కొరమీనును పులుసు పెట్టుకుని తింటాం కనుక ఆ బెంగ లేదు. కానీ ఈ మధ్య నగరంలో పచ్చి చేప తినే హోటళ్లు వచ్చాయి. షుగర్, కాలేయ జబ్బు ఉన్న పెద్దవారు వాటికి దూరంగా ఉండడం మేలు. 

ఇప్పుడు మీ అమ్మగారి విషయం. పాలు, పెరుగు మాన్పించనక్కర్లేదు. కాచిన పాలలో ఈ క్రిమి బతకదు, ఆ పాలతో తోడుపెట్టిన పెరుగుకూ ఇబ్బంది లేదు. పశువుల మధ్య ఉండేవారి పేగుల్లో ఈ క్రిమి ఉండే అవకాశం కొంత ఎక్కువని చెప్పే అధ్యయనాలు కొన్ని ఉన్నాయి. అంతమాత్రాన గేదెల వల్లే మోకాలికి వచ్చిందని తేల్చలేం, తేల్చినా వైద్యం మారదు. పేగులో ఎన్నాళ్ల నుంచి ఉందో ఎవరికీ తెలియదు. గేదెల దగ్గర గడపడం మీ నాన్నగారికి ఇష్టమైతే కోలుకున్నాక నిరభ్యంతరంగా వెళ్లనివ్వండి. పేడ తీసిన చేతులు సబ్బుతో కడుక్కోవాలి, పచ్చిపాలు తాగకూడదు, అంతే. పిల్లలకు అంటుకునే జబ్బు కాదు ఇది. తాతగారి పక్కన కూర్చోవచ్చు, ఆయన ఒళ్లో పడుకోవచ్చు. కట్టు మీద చేయి వేయకుండా చూస్తే చాలు. నెలల తరబడి మంచానికి పరిమితమయ్యే మనిషికి పిల్లలను దూరం చేయకండి.

మోకాలిని కడిగితే సరిపోదా అన్న ప్రశ్న సర్జన్‌ను కూడా మీరు అడిగే ఉంటారు. రెండు నెలల కిందట, వాపు మొదలైన మొదటి రెండు మూడు వారాల్లో అయితే కడిగి చూడమని నేనూ అనేవాణ్ని. కీలు లోపల శుభ్రం చేసి, మధ్యనుండే ప్లాస్టిక్ భాగాన్ని మార్చి, లోహపు భాగాలను అలాగే ఉంచి యాంటీబయాటిక్ ఇచ్చే పద్ధతి అది. రోజులు గడిచేకొద్దీ క్రిములు లోహం మీద నీళ్ల ట్యాంకు గోడకు పట్టే పాచిలా ఒక జిగట పొర కట్టుకుంటాయి. ఆ పొర లోపల ఉన్నవాటిని యాంటీబయాటిక్ సరిగా చంపలేదు, నీళ్లతో కడిగినా పూర్తిగా పోవు. స్ట్రెప్టోకాకస్ పెన్సిలిన్‌కు లొంగే క్రిమి కనుక ఈ పద్ధతి దానికి బాగా పనిచేస్తుందని చాలాకాలం అనుకున్నారు. 2017లో పలు దేశాల ఆసుపత్రులు కలిసి 462 మంది వివరాలు ప్రచురించాయి. వారిలో దాదాపు 42 శాతం మందికి కడిగి ఉంచిన పద్ధతి విఫలమైంది. మీ నాన్నగారికి రెండు నెలలు దాటింది, మధ్యలో మాత్రలు కూడా పడ్డాయి. అందుకే తీసి మళ్లీ వేయాలన్న సలహా నాకు సహేతుకంగానే కనిపిస్తోంది. ఎక్స్‌రేలు చూడకుండా ఇంతకన్నా గట్టిగా చెప్పలేను.

రెండు విడతల పద్ధతిలో మొదట పాత కీలు తీసేసి, ఆ ఖాళీలో యాంటీబయాటిక్ కలిపిన బోన్ సిమెంటుతో చేసిన తాత్కాలిక కీలు పెడతారు. ఆ ఆపరేషన్‌లో ఐదారు చోట్ల నుంచి కండ ముక్కలు తీసి మళ్లీ కల్చర్‌కు పంపాలి, రెండు వారాల దాకా వాటిని గమనించమని లేబొరేటరీకి చెప్పాలి. వేరే క్రిమి కూడా కలిసి ఉందేమో అప్పుడు తెలుస్తుంది. ఆ తరువాత కొన్ని వారాలపాటు యాంటీబయాటిక్. రక్తంలో ఇన్‌ఫెక్షన్ తీవ్రతను చూపే సీఆర్‌పీ, ఈఎస్ఆర్ తగ్గి, గాయం మాని, మోకాలు చల్లబడ్డాక కొత్త కీలు. ఒకే ఆపరేషన్‌లో తీసి వేసే పద్ధతీ ఉంది. క్రిమి పేరు, దానికి ఏ మందు పనిచేస్తుందో ముందే తెలిసినవారికి, చర్మం, ఎముక బాగున్నవారికి కొందరు సర్జన్లు అది చేస్తారు. మీ నాన్నగారికి క్రిమి పేరు తెలుసు కనుక “ఒకే విడతలో కుదురుతుందా, కుదరకపోతే ఎందుకు” అని అడగండి. ఇది మర్యాదైన ప్రశ్నే, ఏ సర్జనూ నొచ్చుకోరు.

ఈ క్రిమికి సాధారణంగా పెన్సిలిన్ గానీ, సెఫ్‌ట్రయాక్సోన్ గానీ సూది ద్వారా నాలుగు నుంచి ఆరు వారాలు ఇస్తారు. సెఫ్‌ట్రయాక్సోన్ రోజుకు ఒకసారి ఇస్తే చాలు కనుక ఇంటి నుంచే తీసుకోవచ్చు. చేతిలో నెలన్నర ఉండే సన్నని గొట్టం అమరుస్తారు. ఇంట్లో స్నానానికి ముందు దానికి ప్లాస్టిక్ తొడుగు చుట్టండి, చుట్టూ ఎర్రబడినా చీము కనిపించినా ఆ రోజే చూపించండి. సూదుల తరువాత మాత్రలు కొనసాగిస్తారు. ఫ్రాన్సులో చేసి 2021లో ప్రచురించిన పరీక్షలో, మార్పిడి కీళ్ల ఇన్‌ఫెక్షన్‌కు మొత్తం ఆరు వారాల మందు పన్నెండు వారాలకు సరితూగలేదు. నొప్పి పోయింది కదా అని మధ్యలో ఆపడం మీరు ఇప్పటికే రెండుసార్లు చూశారు. ఈసారి ఆఖరి మాత్ర దాకా వాడించండి. షుగర్‌ను కూడా ఇదే సమయంలో దారిలో పెట్టించండి, మూడు నెలల షుగర్ సగటును చూపే హెచ్‌బీఏ1సీ ఎక్కువగా ఉంటే కొత్త కీలు వేయడానికి సర్జన్ ఆగమనవచ్చు.

ఇంకా అనుమానం తీరకపోతే రెండో అభిప్రాయం తీసుకోవడంలో తప్పేమీ లేదు. పంజాగుట్టలోని నిమ్స్‌లో, సికింద్రాబాద్‌లోని గాంధీ ఆసుపత్రిలో ఎముకల విభాగం, గుండె విభాగం, జీర్ణకోశ విభాగం మూడూ ఒకేచోట ఉన్నాయి. మూడేళ్ల క్రితం నాటి ఆపరేషన్ కాగితాలు, లోపల వేసిన కీలు కంపెనీ, సైజు ఉన్న స్టిక్కర్లు, ఎక్స్‌రేలు, ఇప్పటి కల్చర్ రిపోర్టు, వాడిన మాత్రల ఖాళీ పట్టీలు, తేదీలతో సహా ఒక సంచిలో వేసుకుని వెళ్లండి. పాత కీలు తీసే సర్జన్‌కు ఆ స్టిక్కర్ చాలా అవసరం, తీసే పనిముట్లు దాన్ని బట్టే తెప్పిస్తారు. ఆరోగ్యశ్రీ కార్డు ఉంటే ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను కలిసి, రెండు ఆపరేషన్లకూ మధ్యలోని మందులకూ ఏమేరకు వర్తిస్తుందో ముందే కనుక్కోండి. మీ అన్నయ్యగారిని కూడా వెంట తీసుకెళ్లండి. ఆ డాక్టర్‌ను “ఈ క్రిమి ఎక్కడి నుంచి వచ్చింది?” అని ఆయన్నే అడగమనండి. బిల్లు గురించిన సందేహం కన్నా ఆ ప్రశ్నకు వచ్చే జవాబే ఆయనకు నమ్మకం కలిగిస్తుంది.

ఆపరేషన్ తేదీ వచ్చేలోగా మీ నాన్నగారికి చలితో వణుకు పుట్టే జ్వరం వచ్చినా, మాట తడబడినా, ఒక వైపు కాలు చేయి పట్టు తప్పినా, ఆయాసం వచ్చినా, మనిషి మగతగా ఉండి సరిగా పలకకపోయినా, రాత్రయినా సరే ఆగకుండా 108కి ఫోన్ చేసి అత్యవసర విభాగానికి తీసుకెళ్లండి. అక్కడి డాక్టర్‌కు మొదట చెప్పాల్సింది ఆ క్రిమి పేరు. రిపోర్టు ఫోటో మీ ఫోనులో, మీ అన్నయ్యగారి ఫోనులో, అమ్మగారి ఫోనులో కూడా ఉంచండి.